ముచ్చలిక మీద విడువబడినవాడు



నాలుగు సంవత్సరముల క్రిందట, వరికోతలు ముగిసిన దినములలో, ఒక మధ్యాహ్నము మా గుడి యొద్దనున్న వేపచెట్టు క్రిందికి ఒక ఉద్యోగి వచ్చి కూర్చుండెను. ఆయన ఖాకీ బట్టలు ధరించలేదు, చేతిలో ఒక దస్త్రము మాత్రమే యుండెను. తాను ప్రొబేషన్ అధికారినని చెప్పి, మా సంఘములోని ఒక యౌవనస్థుని గూర్చి విచారించుటకు వచ్చితిననెను. ఆ పిల్లవానికి అప్పుడు 19 ఏండ్లు. తండ్రి దుబాయిలో కూలి, తల్లి ఇంటిలో బీడీలు చుట్టును. అతడు పొరుగు రైతు బావిమీది మోటారు తీగను కోసి, పాత సామానుల దుకాణములో అమ్మి, పట్టుబడి నేరమును ఒప్పుకొనెను.

"అయ్యగారూ, అతడెట్టివాడు?" అని అధికారి అడిగెను.

నేను తడుముకొనలేదు. "ఆ యింటివారందరు అంతే" అంటిని.

ఆయన వ్రాయుట మానెను. "ఇంటివారి సంగతి నాకు వద్దు. ఈ పిల్లవాని గూర్చి మీరు కన్నులార చూచినదేమో అది చెప్పుడి" అనెను. చూచినదేమనగా, అతడు క్రిస్మసు ముందు గుడికి సున్నము వేయుటకు మూడు దినములు వచ్చి కూలి అడుగక పోయెను. చెడుగా చూచినది ఒక్కటియు లేదు. నేను చెప్పిన మాట నాది కాదు, ఊరి మాట. ముప్పది యేండ్లు కాపరిగా నుండి, వేదశాస్త్ర పాఠశాలలో చదివి, నేను ఊరి మాటను సాక్ష్యముగా చెప్పితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత ఈ ప్రొబేషన్ అనునది ఎక్కడ పుట్టినది, ఎట్లు నడచుచున్నది అని తెలిసికొనుటకు చదివితిని, న్యాయవాదులను అడిగితిని. తెలిసికొన్నది మీతో చెప్పెదను. మన గ్రామములలో ఏదో ఒక దినమున ఆ అధికారి మీ గడప యెదుటను కూర్చుండును గదా.

1841వ సంవత్సరము ఆగస్టు నెలలో, అమెరికా దేశపు బోస్టను పట్టణములో, జాన్ అగస్టస్ అను ఒకడు పోలీసు కోర్టులో కూర్చుండియుండెను. అతడు చెప్పులు, బూట్లు చేసి బ్రదుకువాడు. (ఈ మాట చదువగానే మన సంఘములలో అనేకుల హృదయము ఉప్పొంగును, ఉప్పొంగవలసినదే.) చింపిరి గుడ్డలతో నున్న ఒక త్రాగుబోతును తీసికొని వచ్చిరి. అగస్టస్ వానితో మాటలాడి, వాడు మారగలడని తలచి, న్యాయాధిపతిని అడిగి జామీను పడి వానిని తన వెంట తీసికొని పోయెను. మూడు వారములైన తరువాత తిరిగి కోర్టుకు తెచ్చినప్పుడు వానిని గుర్తుపట్టుట కష్టమాయెను. న్యాయాధిపతి వానిని చెరసాలకు పంపక, ఖర్చులుగాక ఒక్క సెంటు జుల్మానా వేసెను. అది మొదలు అగస్టస్ 1859లో మరణించువరకు దాదాపు 2,000 మందికి జామీను పడెను. దీనికి కోర్టు సిబ్బందిలో కొందరు ఆటంకము చేసిరని చదివితిని. ఒక్కొక్క మనిషిని చెరసాలకు పంపినందుకు వారికి రుసుము ముట్టెడిది, అగస్టస్ విడిపించిన ప్రతివానితో అది పోయెను. 1878లో ఆ మసాచుసెట్సు రాష్ట్రమే జీతము గల ప్రొబేషన్ అధికారిని నియమించుటకు చట్టము చేసెను.

ఇంగ్లాండులో ఈ పని ఒక ఉత్తరముతో మొదలాయెను. 1876లో హెర్ట్‌ఫర్డ్‌షైరుకు చెందిన ఫ్రెడరిక్ రేనర్ అను అచ్చుపనివాడు (మన పత్రికను అచ్చువేయు సోదరులు గమనింతురు గాక) ఆంగ్లికను సంఘపు మద్యపాన నిషేధ సమాజమునకు ఐదు షిల్లింగులు పంపి, పోలీసు కోర్టులలో ఏదైన పని చేయుడని కోరెను. ఒకసారి కోర్టు మెట్లెక్కినవాడు మరల మరల ఎక్కుటయే గాని, వాని చెయ్యి పట్టుకొను వాడు లేడని అతని దుఃఖము. అట్లు పోలీసు కోర్టు మిషనెరీలు ఏర్పడిరి. వారు మొదట త్రాగుడు మానుమని బోధించిరి. బోధ విన్నవానికి పని లేనిచో, ఉండ చోటు లేనిచో బోధ నిలువదని త్వరలోనే కనుగొనిరి. పని వెదకిపెట్టుట, ఇంటివారితో సమాధానపరచుట వారి పనియాయెను. 1907లో పార్లమెంటు చట్టము చేసి ఈ పనిని ప్రభుత్వపు పనిగా చేసినప్పుడు, అధికారి నేరస్థునికి బుద్ధి చెప్పవలెననియు సాయము చేయవలెననియు మాత్రమే గాక, స్నేహితుడుగా ఉండవలెననియు వ్రాసెను.

మన దేశములో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 562వ సెక్షను క్రింద, మొదటిసారి తప్పు చేసినవానిని ముచ్చలిక వ్రాయించుకొని విడుచుటకు వీలుండెను. అయితే విడిచిన తరువాత వానిని చూచుకొను మనుష్యుని గూర్చి అందులో ఏర్పాటు లేదు. మద్రాసు ప్రభుత్వము 1936లో ప్రొబేషన్ చట్టము చేసి ఆ లోపమును తీర్చెను. గుంటూరు, నెల్లూరు వైపు తెలుగువారికి అట్లు వచ్చినది. మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు అప్పుడు నిజాము ఏలుబడిలో నుండెను గనుక ఆ చట్టము మనకు తగులలేదు. దేశమంతటికిని వర్తించు చట్టము 1958లో వచ్చెను. దాని పేరు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్టు, ఆ సంవత్సరపు 20వ చట్టము. నేటికిని అదియే నడచుచున్నది.

అది నడచు విధము ఇట్టిది. చిన్న నేరమైతే కోర్టు మందలించి విడువవచ్చును. అంతకన్న పెద్దదైతే, అది మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగిన నేరము కానియెడల, శిక్ష వేయుట ఆపి, సత్ప్రవర్తనతో ఉందునని ముచ్చలిక వ్రాయించుకొని విడువవచ్చును. ఆ ముచ్చలిక కాలము 3 సంవత్సరములకు మించరాదు. అవసరమని తోచినచో కోర్టు వానిని ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ క్రింద ఉంచును, ఉంచినచో ఒక సంవత్సరమునకు తక్కువ కారాదు. ఎక్కడ నివసింపవలెను, మత్తు పదార్థములు ముట్టరాదు, ఇట్టి షరతులు వ్రాయును. నష్టపడినవానికి పరిహారము కట్టుమని ఆజ్ఞాపించును. మా పిల్లవాడు ఆ రైతుకు తీగ వెలను నాలుగు వాయిదాలలో కట్టెను. రైతు నాతో, "జైలుకు పోతే నాకేమొస్తది అయ్యగారూ, నా పైసలు నాకొచ్చినయ్ గద" అనెను.

21 సంవత్సరములు నిండనివారి విషయములో చట్టము మరింత జాగ్రత్త వహించినది. యావజ్జీవ శిక్షకు తగని నేరమైతే, కోర్టు మొదట అధికారి నివేదికను తెప్పించుకొని చదువవలెను. అయినను చెరసాలకే పంపదలచినచో కారణములు వ్రాయవలెను. మా పిల్లవాని కొరకు అధికారి గుడి యొద్దకు వచ్చుట ఇందువలననే. 1964లో రత్తన్‌లాల్ అను 16 ఏండ్ల బాలుని వ్యాజ్యము సుప్రీంకోర్టుకు వచ్చెను. ఒక ఇంటిలో చొరబడి చిన్న బాలికను అవమానింప యత్నించినందుకు క్రింది కోర్టు అతనికి ఆరు నెలల కఠిన శిక్ష వేసెను. ఆ శిక్ష పడిన తరువాతనే అతని జిల్లాలో ప్రొబేషన్ చట్టము అమలులోనికి వచ్చెను. అయినను అప్పీలులో దాని మేలు అతనికి దొరకవలెనని తీర్పు వచ్చినది. ఆ తీర్పు వ్రాసినది మన రాజమహేంద్రవరపు బిడ్డ, కోకా సుబ్బారావుగారు, తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైనవారు. ఆ నేరము చిన్నదని నేననను, బాలిక తల్లిదండ్రుల మాట మరువరాదు. నేడైతే 18 ఏండ్లలోపు వారి సంగతి వేరే చట్టము క్రింద బాలల న్యాయమండలి విచారించును.

ఇంకొక మాట మన సంఘములవారు తప్పక తెలిసికొనవలెను. 1989 నాటి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టము క్రింద నేరస్థుడని తేలిన 18 ఏండ్లు దాటినవానికి ఈ ప్రొబేషన్ వర్తింపదు. ఆ చట్టపు 19వ సెక్షను దానిని అడ్డగించుచున్నది. కులము పేర మనవారిని కొట్టినవాడు మందలింపుతో ఇంటికి పోవునేమో యని కొందరు నన్నడిగిరి. పోడు.

షరతు తప్పినవాని గతి యేమి? కోర్టు పిలిపించి, ఆపియుంచిన శిక్షను వేయవచ్చును. మొదటి తప్పైతే 50 రూపాయలు మించని జుల్మానాతో ముచ్చలికను కొనసాగింపవచ్చును. షరతులను నిలుపుకొనినవానికి గొప్ప మేలు గలదు. నేరము ఋజువైన మాట చెరిగిపోదు గాని, ఆ ఋజువు వలన చట్టము తగిలించు అనర్హత వానికి తగులదు.

ఇక చట్టములో మన జిల్లాలవారికి ముల్లువలె గుచ్చుకొను ఒక భాగమున్నది. నేరస్థునికి గాని, జామీనుదారునికి గాని స్థిరమైన నివాసమో నిలకడైన పనియో ఉన్నదని కోర్టు తృప్తిపడవలెను. సిరిసిల్ల మగ్గములు ఆగినప్పుడు భీవండికి పోవు కుటుంబము, గల్ఫుకు పోయిన తండ్రి, వానలు తప్పిన యేట ముంబయిలో మట్టి మోయు జంట, వీరికి స్థిరనివాసమెక్కడిది? ఇంటికి తాళము, తాళమునకు తుప్పు. ఊరిలో నాలుగెకరములున్నవాని కొడుకునకు జామీనుదారులు వరుసగా నిలుతురు. కూలివాని కొడుకునకు ఒక సంతకము దొరకుట కష్టము. చట్టము దయగలదే, అయితే ఆ దయ పట్టాదారు పాసుపుస్తకమును అడుగుచున్నది.

ఆదిలాబాదు అడవులలో సంగతి మరియొక విధము. అక్కడ తాతలనాటి పొలమును దున్నుకొన్న గోండువానిని అటవీ చట్టము నేరస్థునిగా చేసెను. 1940లో జోడేఘాటులో కుమురం భీము ప్రాణమిచ్చినది ఆ భూముల కొరకే. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వము హైమండార్ఫు అను పండితుని పంపి గోండుల స్థితిని విచారింపజేసెను. మనుష్యుని పట్టుకొనకముందు విచారింపవలసినది పట్టుకొన్న తరువాత విచారించిరి. అటవీ హక్కుల చట్టము 2006లో గాని రాలేదు.

ఇప్పుడు నా నోట వచ్చిన ఆ మాట కడకు వచ్చెదను. ఆ యింటివారందరు అంతే. ఇది ఒక కాలమున ఊరి మాట మాత్రమే కాదు, ప్రభుత్వపు చట్టమై యుండెను.

1871లో ఉత్తర హిందూదేశములో మొదలై, 1911లో మద్రాసు రాష్ట్రమునకును విస్తరించిన నేరస్థ జాతుల చట్టము, కొన్ని జాతులలో పుట్టినవారందరిని పుట్టుకతోనే అనుమానితులుగా ఎంచెను. ఒకడు దొంగిలించెనా లేదా అని అడుగనక్కరలేదు. అతడు ఎరుకలవాడా అని అడిగిన చాలును. పేరు పుస్తకమున వ్రాసి వ్రేలిముద్రలు తీసికొనిరి. హాజరు పలుకవలెను, సెలవు చీటి లేక ఊరు దాటరాదు. ఆ ఎరుకలవారెవరు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును మోసికొని ఊరూర అమ్ముచు, తట్టలల్లి బ్రదికినవారు. రైలు వచ్చి వారి బరువులను లాగికొనెను. ఉప్పు మీద ప్రభుత్వపు కట్టడి వారి బేరమును చంపెను. బ్రదుకు తెరువు పోయినవారు తిరుగుచుండగా, తిరుగుటయే నేరమాయెను.

ఈ కథలో మన మిషనులకును పాలున్నది, దానిని దాచరాదు. నేరస్థులని పేరుపడిన కుటుంబములను ఒక చోట కాపుర ముంచి చూచుకొను పనిని ప్రభుత్వము మిషనులకు అప్పగించెను. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికను బాప్టిస్టు మిషను, గుంటూరు జిల్లాలో బాపట్ల దగ్గర రక్షణ సైన్యము అట్టి సెటిల్‌మెంట్లను నడిపిరి. బాపట్ల దగ్గరిదానికి మద్రాసు ప్రభుత్వపు సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరిట స్టూవర్టుపురమని పేరు పెట్టిరి. అక్కడ బడులు కట్టిరి, భూమి ఇచ్చిరి, చీరాల పొగాకు కంపెనీలో పని ఇప్పించిరి, రోగులను చూచిరి. ఇవి మంచి పనులే. పని చేసినవారిలో తమ ప్రాణమును లెక్కచేయనివారు ఉండిరనియు నమ్ముచున్నాను. అయితే ఉదయము ప్రార్థన గంట కొట్టిన చెయ్యియే సాయంకాలము హాజరు పుస్తకము పట్టెను. పాస్టరు చీటి ఇయ్యనిదే తల్లి చావును చూచుటకైనను పోలేని మనుష్యుడు, ఆ పాస్టరు చెప్పు ప్రేమను గూర్చి యేమనుకొనెనో మనమెరుగము.

బోస్టను చెప్పులవాడు చేసినదియు, కావలిలో జరిగినదియు, రెండును పర్యవేక్షణయే. పైకి చూచినచో ఒకటే పోలిక: చెరసాల గోడ లేకుండ, జనుల మధ్యనే మనుష్యుని కనిపెట్టుట. కాని మొదటిది ఒక మనిషి చేసిన ఒక పనిని గూర్చినది. దానికి గడువున్నది, గడువు తీరినప్పుడు అతడు స్వతంత్రుడు. రెండవది పుట్టుకను గూర్చినది. పుట్టుకకు గడువేది?

మన తెలుగునాటి తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడుగా 1949లో ఏర్పడిన సంఘము ఈ చట్టమును తీసివేయుమని చెప్పెను. 1952 ఆగస్టు 31న అది రద్దాయెను. ఆ జనులు విముక్త జాతులని పిలువబడుచున్నారు. అయినను పేరు పోలేదు. స్టూవర్టుపురమనగానే దొంగల కథలు చెప్పుకొనుట మన బాల్యమునందును ఉండెను. 1970లలో లవణంగారును, కవి జాషువాగారి కుమార్తెయైన హేమలత లవణంగారును అక్కడికి పోయి, వారిండ్లలో కూర్చుండి, నేరము విడువగోరినవారికి తోడుగా పని చేసిరి. లవణంగారు నాస్తికులని పేరుపొందిన గోరాగారి కుమారుడు. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గు లేదు, మనకు సిగ్గు రావలసినచో అది వేరే కారణమునకు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెరసాలలలో కులమును బట్టి పనులు పంచుట తప్పని తీర్పు చెప్పుచు, విముక్త జాతులవారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా ఎంచు జైలు నిబంధనలనుగూడ కొట్టివేసెను. అనగా చట్టము రద్దయి 72 సంవత్సరములు గడచినను దాని నీడ జైలు పుస్తకములలో నిలిచియుండెను. నా నాలుక మీదను నిలిచియుండెను.

1958 నాటి మన చట్టము అధికారి పనులను లెక్కించి చెప్పినది: విచారించుట, పర్యవేక్షించుట, పని వెదకిపెట్టుట, పరిహారము కట్టుటకు సాయపడుట, సలహా యిచ్చుట. ఇంగ్లాండు చట్టములోనున్న స్నేహితుడను మాట ఇందులో నాకు కనబడలేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగియే గాక, గుర్తింపు పొందిన సమాజము ఇచ్చిన మనుష్యుడును, ప్రత్యేక సందర్భములో కోర్టు తగినవాడని తలచిన మరియొకడును ప్రొబేషన్ అధికారి కావచ్చునని 13వ సెక్షను చెప్పుచున్నది. ఆ తలుపు తెరిచియే యున్నది. ఇప్పుడు 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త శిక్షాస్మృతిలో సమాజసేవ అను శిక్షయు వచ్చినది. 5,000 రూపాయలకు లోపు వస్తువును మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చివేసినవానికి, త్రాగి నలుగురిలో అల్లరి చేసినవానికి, చెరసాలకు మారుగా కూలి లేని ప్రజాహితమైన పని చెప్పవచ్చును. అట్టివాడు మన ఊరి బడి ఊడ్చుచుండగా మనము ఏ కంటితో చూచెదమో, ఆ శిక్ష దిద్దుబాటగునో అవమానమగునో అది తేల్చును.

మా పిల్లవాని సంగతి ముగించెదను. కోర్టు అతనిని రెండు సంవత్సరముల ముచ్చలిక మీద, అధికారి పర్యవేక్షణ క్రింద విడుచుటకు ఒప్పుకొనెను గాని, ఒక జామీనుదారుడు కావలెననెను. సంఘ పెద్దలలో ఎవరును ముందుకు రాలేదు. నేను ఫిలేమోను పత్రిక మీద ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. పారిపోయిన దాసుడైన ఒనేసిము అచ్చియున్నదేదైనను తన లెక్కలో వేసికొమ్మని చెరసాలలోనున్న పౌలు జామీను పడిన సంగతి నాకు కంఠస్థము. నేనును ముందుకు రాలేదు. ఆ తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టు పొరుగింటి ముసలమ్మ తన పేర నున్న పది గుంటల పాసుపుస్తకమును కొంగున చుట్టుకొని కోర్టుకు వచ్చెను. భయము లేదా అని న్యాయవాది అడుగగా, "వాడు నా కండ్ల ముంగట పెరిగిండు. పోతే పది గుంటలే గద పోయేది" అనెనట.

ఎనిమిదవ నెలలో పిల్లవాడు అధికారికి చెప్పక భీవండికి పోయెను. అప్పులవాడు ఇంటిమీదికి వచ్చుటయే కారణము. కోర్టు నోటీసు ముసలమ్మకు వచ్చెను. ఆమె ఆ కాగితమును నా యొద్దకు తెచ్చి చదువుమనెను. చదివి నేను ఫోను తీసికొని అతనితో మాటలాడితిని. ఏమియు బోధింపలేదు, నోటీసు ఎవరి పేర వచ్చినదో చెప్పితిని. మూడవ దినమున అతడు బస్సు దిగెను. కోర్టుకు నేనును వెంట పోతిని. మేజిస్ట్రేటు 50 రూపాయలు జుల్మానా వేసి ముచ్చలికను కొనసాగించిరి. అధికారి అతనికి జగిత్యాలలో ఒక టైర్ల దుకాణమున పని చూచిరి. అది నిలువలేదు, తరువాత బియ్యపు మిల్లులో నిలిచెను. ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ముసలమ్మ, "నా కాయిదం ఎప్పుడిస్తరట అయ్యగారూ?" అని అడుగుచుండెను. గడువు తీరి పాసుపుస్తకము చేతికి వచ్చిన దినమున దానిని రెండు మారులు త్రిప్పి చూచి, బియ్యపు డబ్బాలో దాచెను.

గడచిన నెలలో అధికారి మరల వచ్చి అదే వేపచెట్టు క్రింద కూర్చుండెను. ఈసారి మరియొక పిల్లవాడు, కల్లు దుకాణము యొద్ద జరిగిన కొట్లాట. "అయ్యగారూ, అతడెట్టివాడు?" అని అడిగెను. "నాకు తెలియదు. మీరొక గంట కూర్చుండుడి, నేను ఆ యింటికి పోయి వచ్చెదను" అని చెప్పి చెప్పులు తొడిగికొంటిని.